రాయమల్లు తొడగని అంగీలు

సాస్తి గని కాలనీలో రాయమల్లుకు ఉన్నన్ని అంగీలు ఎవరికీ లేవు. వాటిలో ఒక్కటైనా అతని ఒంటి మీద చూసినవాళ్లూ లేరు. అవన్నీ మంచం కింద రేకు పెట్టెలో, కవరు కూడా విప్పకుండా హాయిగా నిద్రపోయేవి. పెట్టెకు తాళం, తాళంచెవి రాయమల్లు మొలతాడుకు. మనసు బాగున్న రోజు పెట్టె తెరిచి, పైనున్న నాలుగు అంగీలు తీసి, కవరు మీదనుంచే నిమిరి, ఎట్లా ఉన్నవి అట్లా సర్దేవాడు. పెళ్లానికి చూపించేవాడు గాని ముట్టనిచ్చేవాడు కాదు.

కొనుక్కున్న అంగీలు కావవి. పరుగు పందేల్లో ఇచ్చినవి. రాయమల్లు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మజ్దూరు. డ్యూటీకి పోయేముందు తెల్లారగట్ల గని మట్టి గుట్టల చుట్టూ పరుగెత్తి వచ్చేవాడు. ఎందుకురా అంటే చెప్పడం అతనికి చాతకాదు. చిన్నప్పుడు తండ్రి వెంట మంథని దిక్కు నుంచి మహారాష్ట్రలోని ఈ సాస్తికి వచ్చిన కొత్తలో బొగ్గు లారీల వెంట ఉరకడం మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు, అంతే. ఆ ఊళ్లో గాలి పీలిస్తే ముక్కుపుటాలు నల్లబడతాయి. నలభై దాటిన మగవాడు నీళ్ల ట్యాంకు మెట్లెక్కితే మధ్యలో కూర్చుంటాడు. అటువంటి చోట ఒక మనిషి గుట్టలన్నీ చుట్టి వచ్చి, నోరు తెరవకుండా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ నీళ్లు తోడుకుంటుంటే జనం పళ్లపుల్ల నోట్లోనే ఉంచుకుని చూసేవాళ్లు. "వానిది దమ్ము కాదు, కొలిమి తిత్తి" అనేవాళ్లు.

ఒకప్పుడు పందెంలో పరుగెత్తితే అరటిపండు, గ్లూకోజు నీళ్లు ఇచ్చేవాళ్లు. గెలిచినవాడికి స్టీలు డబ్బా. తర్వాత ఢిల్లీలో ఎవరో దేశం తలుపులు బార్లా తెరిచారన్నారు. ఆ తలుపుల్లోంచి ఎవరికేం వచ్చిందో గాని, పరుగెత్తేవాళ్లకు మాత్రం అంగీలు వచ్చాయి. రంగుల టీవీల వాళ్లు, కూల్‌డ్రింకుల వాళ్లు, పళ్లపేస్టు వాళ్లు, సిమెంటు వాళ్లు, అందరికీ ఒక్కసారిగా మనుషుల వీపులు అవసరపడ్డాయి. వీపు మీద పేరు అచ్చేసి ఊరి మీదికి వదలడమే వాళ్లకు కావలసింది. నాగపూర్‌లో మొదటిసారి అంగి ఇచ్చినప్పుడు అందరూ అక్కడికక్కడే తొడుక్కున్నారు. రాయమల్లు కూడా చేతులు దూర్చబోయి ఆగాడు. ముందొచ్చినవాడికీ అదే, చివర కుంటుకుంటూ వచ్చినవాడికీ అదే అయితే ఇక తేడా ఏముంది అనిపించింది. ఫస్టు వచ్చిన రోజునే తొడుక్కుంటానని తన మీద తానే ఒట్టు పెట్టుకున్నాడు. పై నెలకో ఆ పై నెలకో తీరిపోయే ఒట్టే అనుకున్నాడు పాపం.

అది తీరలేదు. రాయమల్లు ఎప్పుడూ నాలుగో, ఆరో, తొమ్మిదో. ముందు ఎప్పుడూ పుణె నుంచి వచ్చిన మిలిటరీ కుర్రాళ్లో, నాసిక్ దిక్కు రైతు పిల్లలో ఉండేవాళ్లు. వాళ్లు పాలు తాగి వచ్చేవాళ్లు, మనవాడు బొగ్గు మింగి వచ్చేవాడు. పెట్టెలో అంగీలు పెరిగాయి, ఒట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. పరుగెత్తడం ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ బనీనులోనే. దాన్నే లోపల తొడుక్కుని గనికీ పోయేవాడు.

ఒక్క అంగి మటుకు పోయింది. యవత్‌మాల్‌లో ఇచ్చిన ఎర్రది, చంక దగ్గర కుట్టు వంకరపోయినది. దాన్ని తెచ్చిన పొద్దు అలసిపోయి అట్లాగే చాప మీద పడి నిద్రపోయాడు. లేచి చూస్తే లేదు. బస్సులోనే వదిలేశాననుకుని ఆ పూటంతా అన్నం ముట్టలేదు. అతని తల్లి ఐలమ్మ, "ఒక్క అంగికి గింత దుఃఖమా కొడుకా" అని మాత్రం అని పక్కింటికి పోయింది.

ఇక అసలు సంగతి తిరుమలది. తిరుమల రాయమల్లు పెళ్లాం, నెలలు నిండిన మనిషి. ఇది మూడో కాన్పు. మొదటి ఇద్దరూ పుట్టారు, కళ్లు తెరిచారు, పాలు కూడా తాగారు. ఇద్దరూ పదకొండో రోజు పురుడు దాకా నిలవకుండానే పోయారు. ఊపిరి అందలేదని దవాఖానలో అన్నారు. ఊపిరి అందని పిల్లలు ఆ కాలనీలో కొత్త కాదు, కాని ఎవరి దుఃఖం వాళ్లకు కొత్తే. ఈసారి కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా తిరుమలకు సంతోషం కంటే ముందు భయం వేసేది.

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట తొడగరన్నది అందరికీ తెలిసిందే. పెద్దవాళ్లు కట్టి విడిచిన మెత్తని పాతబట్టలో చుడతారు. ఎవరి బట్టయితే వాళ్ల గట్టిదనం బిడ్డకు వస్తుందని నమ్మకం. సాస్తిలో ఆ నమ్మకానికి ఇంకొకటి చేరింది. గనికి పోయి వచ్చిన బట్ట, ఎన్నిసార్లు ఉతికినా సరే, పసిబిడ్డకు తగలకూడదు. మొదటి ఇద్దరినీ తొంభై ఏళ్లు బతికిన రాయమల్లు తాత ధోతి ముక్కల్లోనే చుట్టారు. మెతుకు మెతుకు లెక్కగా బతికిన తాత ఆయుష్షు ఆ పిల్లలకు ఎందుకు అందలేదో ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం అన్నం పెడుతూ తిరుమల చెప్పేసింది. "ఈసారి తాత ధోతి వద్దు. నువ్వు ఉరికిన అంగి గావాలె."

రాయమల్లు చెయ్యి కంచంలో ఆగింది. "ఉరికిన అంగి ఏడున్నదే? అన్నీ పెట్టెలనే ఉన్నయి, కొత్తయి."

"గదే అంటున్న. ఒకటి తొడుక్కొని ఉరుకు."

"ఫస్టు రాకుంట తొడుక్కోనని ఒట్టు పెట్టుకున్న కదా."

"ఎవరి మీద పెట్టినవ్?"

"నా మీదనే."

"అయితే తీసేది గూడ నువ్వే. నన్నెందుకు అడుగుతున్నవ్?"

రాయమల్లు లేచిపోయి ఆకుపచ్చ బనీను తెచ్చాడు. ఇన్నేళ్లు దీనిలోనే కదా ఉరికింది, దీనికంటే దమ్మున్న బట్ట ఏముంటుందన్నాడు. మూల కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న ఐలమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. ఐలమ్మ చేతుల మీదుగా కాలనీలో సగం మంది పిల్లలు భూమ్మీద పడ్డారు. దవాఖాన వచ్చాక కూడా నొప్పులు మొదలైతే ముందు ఆమెకే కబురు వచ్చేది.

"గిది గనికి పొయ్యొచ్చిన బట్ట" అంది. "నూలు పోగు పోగుల బొగ్గున్నది. నా చేత్తోని బిడ్డను దీంట్ల చుట్టను."

"అయితే నువ్వే చెప్పవ్వా, ఏం చేద్దాం?"

"నేను జెప్పేదేమున్నది. తండ్రివి నువ్వు. నీ చేత్తోని నువ్వియ్యాలె" అని మళ్లీ చింతపండు మీదికి వంగింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకు వైపు చూడలేదు.

ఆ ఆదివారమే పందెం ఉంది. రాజురా నుంచి బయలుదేరి, సాస్తి మలుపు మీదుగా, వర్ధా వంతెన దాటి, బల్లార్‌పూర్ మీదుగా చంద్రపూర్ కోట దర్వాజా దాకా. రాయమల్లు ఆ వారమంతా ఆలోచించి ఒక ఉపాయం తీశాడు. ఈసారి ఫస్టు వస్తాడు. దర్వాజా దగ్గర అందరి ముందూ అంగి తొడుక్కుంటాడు, చెమట ఆరకముందే ఇంటికి తెస్తాడు. ఒట్టూ నిలుస్తుంది, బిడ్డకు బట్టా దొరుకుతుంది. ఇన్నేళ్లూ రాని ఫస్టు ఈ ఆదివారమే ఎందుకు వస్తుందన్న ప్రశ్న అతనికి తట్టలేదు. తిరుమలకు తట్టింది.

"రాకుంటే?" అంది.

రాయమల్లు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. కట్టిన ముడినే విప్పి మళ్లీ కట్టాడు.

నాగపూర్‌లో వచ్చిన, పెట్టెలో ఎప్పుడూ పైనే ఉంచుకునే మొట్టమొదటి పసుప్పచ్చ అంగిని కవరులోంచి తీశాడు. ఏళ్ల తరబడి మడతల్లో ఉన్నది, మడతలు విప్పినా పోలేదు. దాన్ని తొడుక్కోలేదు. దాని చేతులు రెండూ ముడివేసి నడుముకు కట్టుకున్నాడు, పైన ఆకుపచ్చ బనీను.

మాఘమాసపు పొద్దు, చలి ఇంకా విడవలేదు. రాజురా బస్టాండు దగ్గర సిమెంటు కంపెనీ వాళ్లు మైకులో పాటలు పెట్టారు. నిర్వాహకుల్లో ఒకడు ప్రమోద్ అని, ఎప్పుడూ పందేల దగ్గర అంగీలు పంచేవాడు, రాయమల్లు నడుము చూసి మరాఠీలో నవ్వాడు. "కాయ్ రాయమల్లు, ఘాల్ నా ఆతా తరీ" అన్నాడు, ఇప్పటికైనా తొడుక్కోరాదా అని. రాయమల్లు కూడా నవ్వి ఊరుకున్నాడు. తుపాకి పేలింది.

ఆ రోజు కాళ్లు బాగా ఆడాయి. అది ఒప్పుకోవాలి. మిలిటరీ కుర్రాళ్లు ముగ్గురు ముందుకు పోయారు, రాయమల్లు వాళ్ల వీపులకే అంటుకుని పోయాడు. వాళ్లలో ఒకడు రొప్పడం మొదలుపెట్టాడు. రాయమల్లు ఇంకా ముక్కుతోనే పీలుస్తున్నాడు. ఇంత దగ్గరగా అతను ఎప్పుడూ రాలేదు. నడుముకున్న అంగి తొడలకు తగులుతుంటే, ఇంకొంచెం, ఇంకొంచెం అని దానితోనే చెప్పుకుంటున్నాడు. అట్లా సాస్తి మలుపు వచ్చింది.

మలుపులో రోడ్డుకు రెండు పక్కలా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బొగ్గు లారీలకు తప్ప ఎవరూ నిలబడని చోటు అది. పండక్కి వచ్చినట్టు తలలు దువ్వుకుని, కొంగులు సర్దుకుని వచ్చారు. ప్రతి ఒక్కరి చంకలోనో, పక్కనో ఒక బిడ్డ. ముందు రాయమల్లు వాళ్లను చూడలేదు, అంగీలను చూశాడు. నీలం. తెలుపు మీద నారింజ చారలు. ముదురాకుపచ్చ. పిల్లల చేతులు కనబడటం లేదు, అంగీలు మడమల దాకా వేలాడుతున్నాయి. కంపెనీ వాళ్లు ఊరందరికీ పంచారు కాబోలు అనుకున్నాడు. పరుగు మీదున్న మనిషి బుద్ధి అంతకంటే దూరం పోదు.

అప్పుడు ఎర్రది కనబడింది. పక్కింటి కాంతమ్మ కూతురు, మూడేళ్ల పొల్ల, తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. దాని ఒంటి మీద యవత్‌మాల్ అంగి. రోడ్డు వైపు చెయ్యెత్తి ఊపుతుంటే చంక దగ్గర వంకరపోయిన కుట్టు కనబడింది. ఆ కుట్టు అతనికి తెలుసు. దాని కోసమే అన్నం మానేశాడు.

బస్సులో పోయిన అంగి ఇక్కడికెట్లా వచ్చింది అనుకునేలోపే మిగతావి కూడా పోల్చుకున్నాడు. నీలం అమరావతిది. చారలది ఆదిలాబాద్‌ది, ఆ పందేనికి ఈ దిక్కు నుంచి తను ఒక్కడే పోయాడు. ముదురాకుపచ్చది అకోలాది, ఆ రోజు వానలో పరుగెత్తారు. తన పెట్టె మొత్తం రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. కాళ్లు వాటంతట అవే నెమ్మదించాయి. కోపం రావలసిన మాట నిజమే, వచ్చేదే కూడా. కాని ఆ తల్లులెవరూ కేకలు వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. అతను దగ్గరికి రాగానే ఒక్కొక్కరే బిడ్డను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. దేవుడి ఊరేగింపు వీధిలోకి వస్తే బిడ్డలను ఎత్తి చూపిస్తారే, అట్లా.

రాయమల్లు ఆగిపోయాడు. పందెంలో నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

కాంతమ్మ ముందుకొచ్చింది. "గట్ల చూడకు అన్నా. దొంగతనం గాదు, ఐలమ్మత్త ఇచ్చింది. గిది పుట్టినప్పుడు ఏడ్వనే లేదు, నీలం పడ్డది. నీ అంగిల చుట్టినంక ఊపిరి దీసింది. బయట తొడగొద్దని అత్త ఒట్టేయించుకున్నది అందరితోని. ఇయ్యాల మేమే వినలే. నీ బిడ్డ కోసం నువ్వు ఉరుకుతున్నవని తెలిసి, మా పిల్లలను నీకు చూపిద్దామని తెచ్చినం."

వెనక మాజ్రి గని నుంచి వచ్చినామె ఎవరో, అతను ఎన్నడూ చూడని మనిషి, బాలింత తువాలు తలకు కట్టుకునే ఉంది. ఆమె గుండెల మీది బిడ్డ ఎంత చిన్నదంటే తెల్లంగి మడతల్లో ముఖం వెతుక్కోవలసి వచ్చింది. ఆమె మడత కొంచెం తీసి చూపించింది. అంగి మీద అచ్చువేసిన కంపెనీ పేరు మెల్లగా లేస్తోంది, దిగుతోంది.

రాయమల్లుకు అప్పుడు తెలిసింది. తను పెట్టెలో దాచుకుని నిమిరినవి వట్టి బట్టలు. వీళ్ల ఒంటి మీద ఉన్నవి అవే బట్టలు, కాని ప్రాణంతో ఉన్నాయి. ఎప్పుడో ఫస్టు వస్తాను, అప్పుడు తొడుక్కుంటాను అని తను కూర్చుంటే, ఇంతమంది తనకంటే ముందే తొడుక్కుని కూర్చున్నారు. ఇంకా దేనికోసం ఆగాలో అతనికి అర్థం కాలేదు. మిలిటరీ కుర్రాళ్లు వంతెన ఎక్కేశారు. వెనకనుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు అతన్ని దాటిపోయారు. రాయమల్లు అక్కడే ఆకుపచ్చ బనీను విప్పి కాంతమ్మ చేతికిచ్చి, నడుము ముడి విప్పి, మడతలు పోని పసుప్పచ్చ అంగిలో తల దూర్చాడు. కాంతమ్మ కూతురు కిలకిలమని నవ్వింది.

తర్వాత పరుగెత్తాడు. ఎట్లా పరుగెత్తాడంటే, వంతెన మీద వర్ధా నీళ్లు ఎక్కడున్నాయో చూడలేదు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు వాసన ముక్కుకు తగలలేదు. అంగి తడిసి ఒంటికి అంటుకుపోయింది. బాగా తడవాలి అనుకున్నాడు, వీపే కాదు, చేతులు కూడా, అంచు దాకా. దర్వాజా దగ్గరికి ఎన్నోవాడిగా చేరాడో ఇప్పటికీ అడిగితే చెప్పలేడు.

చంద్రపూర్ నుంచి లారీ ఎక్కి ఇంటికి వచ్చాడు. అంగి విప్పలేదు. తిన్నగా మంచం కిందికి దూరి పెట్టె లాగాడు. తాళం వేసినట్టే ఉంది. తెరిచి చూస్తే పైన నాలుగు వరసలు నిజమైన అంగీలే. కింద ఉన్న కవర్లలో, అంగీల్లాగే మడిచి పెట్టిన పాత చీరల ముక్కలు. పెట్టె వెనక్కి తిప్పాడు. మూత బందుల మేకులు ఊడదీసి మళ్లీ దూర్చిన గుర్తులు. ఇన్నేళ్లూ అతను ముందు తాళం వేసుకుంటే, తల్లి వెనకనుంచి వచ్చిపోయింది.

"ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాడు. గొంతులో కోపం కోసం వెతుక్కున్నాడు గాని దొరకలేదు.

ఐలమ్మ గడప మీద కూర్చుంది. "చెప్తే ఇద్దువా? నీ రెండో బిడ్డ పోయినంక నాకు చేతులాడలే. నా చేతులే మంచియి గావనుకున్న. గప్పుడే కాంతమ్మకు నొప్పులొచ్చినయి, నెలలు నిండకముందే. పొల్ల ఊపిరి దీస్తలేదు. పాతబట్ట తెమ్మన్నరు. ఇంట్లకు ఉరికొస్తే నువ్వు గా ఎర్రంగి తలకింద పెట్టుకొని పండినవ్, చెమటతోని. గుంజుకపోయిన. పొల్ల ఏడ్చింది." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "తర్వాత ఒకరెనక ఒకరు అడగబట్టిరి. నువ్వు తెల్లారి ఉరికొచ్చి చాప మీద పడేటోనివి, ఒళ్లు తెలవకుంట. చాప మీద దుప్పటి కింద ఒక అంగి పరిచేదాన్ని. దినాలు గడిస్తే నీ చెమట అండ్లకు దిగేది. గట్లనే ఇచ్చిన."

"అందరూ బతికిర్రా?"

ఐలమ్మ తల అడ్డంగా ఊపింది. "అందరు బతుకలే. ఘుగ్గుస్ గని దిక్కు పోరడొకడు పోయిండు. బతికించుటానికి నేనెవర్ని, నువ్వెవలు? కాని రాయమల్లు అంగి దొరికిందంటే తల్లులకు ధైర్యమొచ్చేది. బిడ్డను గుండె మీదికెళ్లి దించకుంట కూసునేటోళ్లు. ధైర్యం తల్లి పాలల్లకు దిగుతది కొడుకా."

"మరి నా బిడ్డకు గట్లనే తియ్యకపోయినవ్ ఒకటి?"

"మంది బిడ్డలకైతే నేను గుంజుకొచ్చిన బట్ట సాలు. సొంత బిడ్డకు తండ్రి తొడుక్కొని, తండ్రి చేత్తోని ఇయ్యాలె. అది గుంజుకొచ్చేది గాదు."

తిరుమల అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి వింటోంది. దగ్గరికొచ్చి రాయమల్లు వీపు మీద చెయ్యి వేసింది. తడి ఇంకా ఆరలేదు. ముక్కు మూసుకుని, "కంపు కొడుతున్నది" అని నవ్వింది. చాలా నెలల తర్వాత ఆమె నవ్వడం అదే.

మర్నాడు పొద్దెక్కాక కంపెనీ దవాఖానలో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. బక్కది, గుప్పెడంత ముఖం. ఐలమ్మ చెయ్యి చాపితే రాయమల్లు ముందురోజు నుంచీ విప్పని అంగిని తల మీదుగా విప్పి ఇచ్చాడు. నర్సు విద్యాబాయి దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఈ మురికిగుడ్డను బిడ్డకు తగలనిస్తే అందరినీ బయటికి పంపిస్తానంది. ఐలమ్మకూ ఆమెకూ అరమరాఠీలో, అరతెలుగులో పెద్ద వాదనే జరిగింది. చివరికి అంగిని సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేస్తే చుట్టొచ్చని ఒప్పందం కుదిరింది. అందాకా బిడ్డ విద్యాబాయి ఇచ్చిన దవాఖాన బట్టలోనే ఉంది.

"ఉడకబెడితే దమ్ము పోదా అవ్వా?" అని రాయమల్లు రహస్యంగా అడిగాడు.

"ఉడకబెడితే పొయ్యేది దమ్మెట్లయితదిరా" అంది ఐలమ్మ.

అంగి ఆరేదాకా అతను దవాఖాన దండెం కిందే నిలబడ్డాడు. ఎండలో దాని పసుపు కొంచెం వెలిసింది. ఆరాక తనే తీసుకెళ్లి, తన చేతులతోనే తిరుమల ఒళ్లో పరిచాడు. బిడ్డను అందులో పడుకోబెట్టి రెండు చుట్లు చుట్టారు. ఇంకా అంగి మిగిలింది.

పురుడు దాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. డ్యూటీ నుంచి రాగానే రాయమల్లు స్నానం చేసి, బిడ్డ పక్కన కూర్చుని, చూపుడువేలు అంగి మీద ఆనించి ఉంచేవాడు. వేలి కింద బట్ట లేచేది. ఆగేది. ఆ ఆగినప్పుడు అతని ఊపిరి కూడా ఆగేది. మళ్లీ దిగేది. అంత పెద్ద పెద్ద రోడ్లన్నీ పరుగెత్తిన మనిషికి ఊపిరి ఇంత చిన్నదనీ, ఇంత పెద్ద సంగతనీ అప్పటిదాకా తెలియదు. తన ఒంటి మీద ఉన్నప్పుడు కూడా ఈ బట్ట ఇట్లాగే లేచి దిగి ఉంటుంది. ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూసేకొద్దీ అతనికి భయమూ, భక్తీ రెండూ కలిగేవి. వీటిలో ఏది ఎక్కువో చెప్పలేని రోజులవి.

పురుడు నాటి పొద్దు వచ్చింది. బిడ్డ ఉంది. ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది కూడా. తిరుమల బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి ఎండలో నిలబడి ఏడ్చింది, ఆనందంతోనే. కాంతమ్మా మిగతా తల్లులూ పిల్లలను తీసుకుని వచ్చారు. ఇప్పుడిక దాచవలసిన పని లేదు కాబట్టి వాకిలంతా నీలం, ఎరుపు, నారింజ చారలు. ఐలమ్మ చేటలో నువ్వుల ముద్దలు పంచుతూ, ఎవరి బిడ్డకు ఏ పందెమో తప్పుల్లేకుండా చెప్పింది. రాయమల్లు మొలతాడుకున్న తాళంచెవి ముడి విప్పి తల్లి చేతిలో పెట్టాడు. "బందులు పాడైతయి, ముందటికెళ్లే తాళం తియ్యి" అన్నాడు.

అప్పటినుంచి తెల్లారగట్ల గుట్టల మీద రాయమల్లు రోజుకో అంగితో కనబడేవాడు. ఎవరింట్లో నెలలు నిండుతుంటే వాళ్ల కోసం ఒకటి పక్కన పెట్టి, తడిసేదాకా పరుగెత్తి తెచ్చేవాడు. విద్యాబాయి లెక్క ప్రకారం ఉడకబెట్టడం ఐలమ్మ పని. ఇద్దరూ ఇప్పుడు పోట్లాడుకోవడం మానేశారు.

వానలు పోయాక చంద్రపూర్‌లో ఇంకో పందెం వచ్చింది. తిరుమల కూడా వచ్చింది, చంకలో బిడ్డతో. బల్ల దగ్గర అంగీలు పంచుతున్నది ప్రమోదే. రాయమల్లును చూసి చిన్నసైజు అంగి తీశాడు.

"వద్దు సాబ్. అన్నిటికంటే పెద్దది ఇయ్యి" అన్నాడు రాయమల్లు.

ప్రమోద్ నవ్వాడు. "నువ్వు పుల్లలాగున్నావు కదరా. నీలాంటివాళ్లు ఇద్దరు పడతారు ఇందులో."

రాయమల్లు తిరుమల చంకలో ఉన్న కూతురి వైపు చూశాడు. అది ఒళ్లంతా పసుప్పచ్చ అంగి చుట్టుకుని, తల్లి మెడ మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"తలకెళ్లి కాళ్ల దాంక చుట్టుకోవాలె సాబ్" అన్నాడు. "రెండు చుట్లు రావాలె."